చిన్నాడి ఆఖరి వింటర్ కన్సర్ట్: ఇండియా టికెట్లు ముందుకా, తర్వాతకా?

తెనాలి_అమ్మాయి (న్యూజెర్సీ):
మా చిన్నాడికి ఈ ఏడు ఫిఫ్త్ గ్రేడ్, అంటే పిల్లలు స్టేజీ మీద పాడే వింటర్ కన్సర్ట్ ఈ స్కూల్లో వాడికి ఇదే ఆఖరిది. డిసెంబర్ 18, సాయంత్రం 7కి. ఇండియాకి 12న బయల్దేరితే మనిషికి 300 డాలర్లు తక్కువ పడుతోంది, నలుగురం, పైగా అమ్మ దగ్గర ఇంకో వారం ఉండొచ్చు. మావారు 12నే వెళ్దాం అంటున్నారు, అందులో తప్పేం లేదు, కానీ నాకు మనసొప్పడం లేదు. పెద్దది కిండర్‌గార్టెన్‌లో చేరిన 2018 నుంచి ఒక్క ఏడు కూడా మానలేదు మేము. వీడి మొదటి కన్సర్ట్ 2020లో, కోవిడ్ టైమ్. ఎవరింట్లో వాళ్లు పాడి పంపితే టీచర్ అన్నీ కలిపి వీడియో చేశారు, అప్పుడు కూడా తెల్లచొక్కా నల్లప్యాంటు వేయించి టీవీ ముందు కూర్చోబెట్టాను. థర్డ్ గ్రేడ్‌లో రికార్డర్ అని పిల్లనగ్రోవి లాంటిది ఇచ్చారు, ఆ పీపీ మోత ఇంట్లో రెండు నెలలు భరించాం, తీరా వంద మంది పిల్లలు కలిసి ఊదితే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అసలు సంగతి అమ్మ. ఇక్కడ సాయంత్రం ఏడంటే తెనాలిలో తెల్లారి అయిదున్నర. అప్పటికి ధనుర్మాసం వచ్చేసి ఉంటుంది, ఆ నెలంతా ఆ వేళకి గుళ్లో తిరుప్పావై దగ్గర ఉంటుంది, ఈ ఒక్క రోజు మాత్రం వెళ్లదు. స్నానం చేసి, ఫోను పంచదార డబ్బాకి ఆనించి వీడియో కాల్‌లో కన్సర్ట్ చూస్తూ కూర్చుంటుంది. ముందు వరసలో ఎవరైనా లేస్తే "కాస్త కూర్చోమనవే" అంటుంది నాతో. మీరైతే ఏం చేస్తారు?

ఫ్రిస్కో_నాన్న:
19న వెళ్లండి. మేము ఇలాగే ముందు వచ్చేశాం. హైదరాబాద్‌లో మా అక్క ఇంట్లో కూర్చుని, ఫ్రెండ్ పంపిన వీడియోలో "నేను నిలబడాల్సింది ఇక్కడ నాన్నా" అని మా అమ్మాయి వేలు పెట్టి చూపించింది. ఆ మాట నాకింకా గుర్తుంది. పైగా 12న వెళ్తే వారం పైనే స్కూల్ పోతుంది, ఆ ఆబ్సెంట్ల టెన్షన్ వేరే.

గోదారి_గట్టు:
నేను ఒప్పుకోను. మా అత్తగారు పోయాక తెలిసింది ఒక వారం అంటే ఏంటో. పాట ఇంట్లో పాడించుకోవచ్చు, అమ్మ పక్కన వారం మళ్లీ రాదు. ఒకసారి ఆవిడనే అడగండి, మీరిద్దరే తేల్చేయకండి.

పాటల_పిచ్చి:
ఏదైనా సరే మ్యూజిక్ టీచర్‌కి ముందే చెప్పండి, కొన్ని చోట్ల కన్సర్ట్‌కి రావడం గ్రేడ్‌లో కలుస్తుంది. మా స్కూల్లో పేరెంట్స్ అడిగితే యూదుల పండగ హనుకా పాట పక్కన దీపావళి పాట కూడా పెట్టారు. ప్రభుత్వ స్కూలు కాబట్టి పూజలా ఉండకూడదు, చదువులో భాగంగా అయితే పండగ పాటలు పాడించొచ్చు. సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ స్కూళ్ల కేసులో 1980లోనే అప్పీల్ కోర్టు అలా తేల్చింది. మీరూ అడిగి చూడండి, అమ్మగారికి తెలిసిన పండగ ఒకటి వినబడుతుంది.

తెనాలి_అమ్మాయి:
అందరికీ థాంక్స్. గోదారి గారూ, మీరన్నట్టే అమ్మనే అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వాడు పొడుగయ్యాడుగా, ఈసారి పై మెట్టు మీద నిలబెడతారా?" అంది. 19 రాత్రి ఫ్లైట్‌కి తీసుకున్నాం, మావారు తిరుగు ప్రయాణం నాలుగు రోజులు వెనక్కి జరిపారు. పోయినేటి తెల్లచొక్కా చేతులు పొట్టయిపోయాయి, శనివారం కొత్తది కొనాలి.