అరుదైన అమృత్ సీసాలు: డబ్బు పెట్టేది రుచికా, దొరకదన్న పేరుకా?

హూడీ_హరి

శుక్రవారం రాత్రి మా ఇంట్లో ఆరుగురం కూర్చుని ఒక పని చేశాం. దాని మీద వాట్సాప్‌లో గొడవ ఇంకా ఆగట్లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

ఐదు సీసాలు, అన్నీ మన బెంగళూరు కంపెనీ అమృత్ సింగిల్ మాల్టులే (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే కాచిన విస్కీలు). ఫ్యూజన్ ఒక్కటే మా వీధి చివరి షాపులో కొన్నది. మిగతా నాలుగూ (ఇంటర్మీడియెట్ షెర్రీ, పోర్టోనోవా, నారంగి, కదంబం) మూడేళ్లుగా ఏరుకున్నవి. వాటిలో రెండు మా బామ్మర్ది ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తెచ్చాడు. సుంకం కట్టకుండా మనిషి తెచ్చుకోగలిగేది 2 లీటర్లే కదా, వాడి సొంత సరుకు పోను నాకు ట్రిప్పుకొక సీసా వచ్చేది. మైసూరు రోడ్డులో కంబీపుర దగ్గర కాచిన సరుకు జర్మనీ వెళ్లి, సూట్‌కేసులో బట్టల మధ్య మళ్లీ బెంగళూరు చేరిందన్నమాట.

మా ఆవిడ వంటింట్లో పోసి, గ్లాసుల అడుగున అంకెల స్టిక్కర్లు అంటించి పంపింది. ఏది ఏదో మాకెవరికీ తెలీదు. మార్కులు రాసుకుని, చివర్లో స్టిక్కర్లు విప్పి చూస్తే ఆరుగురిలో నలుగురికి మొదటి స్థానం ఫ్యూజన్. ఇద్దరికి ఇంటర్మీడియెట్ షెర్రీ. నేను అందరికంటే ఎక్కువ పెట్టి కొన్న నారంగి ముగ్గురి కాగితాల్లో అట్టడుగున ఉంది. ఆ ముగ్గురిలో నేనూ ఒకణ్ణి.

నా మాట ఇది: ఒకే డిస్టిలరీ సీసాల్లో అరుదైనదానికి మనం కట్టే అదనపు డబ్బు రుచికి కాదు, పొరుగింటి పుల్లకూరకి. కాదనేవాళ్లు చెప్పండి.

కెంగేరి_కిట్టు

హరి అన్నా, పుల్లకూర అన్నావు కానీ, అమృత్ విషయంలో ఆ పొరుగిల్లు మొదట్నుంచీ ఉంది. కంపెనీ 1948లో మొదలైంది. సింగిల్ మాల్టును 2004లో ముందు విడుదల చేసింది స్కాట్‌లాండ్‌లోని గ్లాస్గోలో. జగ్దాలే కుటుంబంలో మూడో తరం రక్షిత్ జగ్దాలే న్యూకాజిల్‌లో చదువుకుంటూ, భారతీయ సింగిల్ మాల్టును అక్కడ అమ్మగలమా అన్నదే ప్రాజెక్టుగా చేశాడు. స్కాట్‌లాండ్ వాళ్లకే విస్కీ అమ్ముదామనుకున్నారంటే ఆ ధైర్యం చూడు! మన ఊళ్లో అమ్మకానికి వచ్చింది 2010లో. నీ ఫ్యూజన్‌కి అదే ఏడాది గైడులో విస్కీ విమర్శకుడు జిమ్ మర్రే 100కి 97 ఇచ్చి ప్రపంచంలో మూడో స్థానంలో పెట్టాడు. అప్పుడది కూడా ‘దొరకని సీసా’నే. అప్పటి కబుర్లు మా ఆఫీసు సీనియర్ ఒకాయన ఇప్పటికీ చెబుతుంటాడు.

కాబట్టి ఫ్యూజన్ గెలవడం మామూలు సీసా గెలిచినట్టు కాదు. ఒకప్పటి అరుదైన సీసా గెలిచినట్టు.

సాగరతీరం_సారథి

లెక్క తప్పింది హరిగారూ. ఫ్యూజన్‌లో ఆల్కహాల్ 50 శాతం. పోర్టోనోవా 62.1, ఇంటర్మీడియెట్ షెర్రీ 57.1. ఇవన్నీ నీళ్లు కలపకుండా వరసగా తాగించి మార్కులు వేయమంటే ఏమవుతుంది? 62 శాతం గ్లాసు నాలిక మీద పడ్డాక రుచి ఏం తెలుస్తుంది, మంట తప్ప? గొంతు మండించనిదానికి జనం మార్కులు వేశారు. మీరు పెట్టింది రుచి పరీక్ష కాదు, కారం పరీక్ష.

అన్నిటినీ ఒకే శాతానికి తెచ్చి పోయండి. 50కి తేవాలంటే 30 మి.లీ. పోర్టోనోవాలో 7 మి.లీ. నీళ్లు, ఇంటర్మీడియెట్ షెర్రీలో 4 మి.లీ. కొంచెం పైన. మిగతా మూడూ 50 దగ్గరే కాబట్టి ముట్టుకోనక్కర్లేదు. పిల్లల మందు సిరంజితో సరిపోతుంది. ఆర్వో నీళ్లు వాడండి, బెంగళూరు బోరు నీళ్లు పోశారో అన్నీ ఒకే రుచి వస్తాయి.

హూడీ_హరి

సిరంజి ఐడియా బాగుంది. కానీ సారథిగారూ, సీసాలో ఉన్న శాతంలోనే తాగాలని కదా వాళ్లు అలా నింపింది?

సాగరతీరం_సారథి

కాదు. నీళ్లు ఎంత కలపాలో మీరే తేల్చుకోండని అలా నింపారు.

బళ్లారి_బాబు

ఆ ఆరుగురిలో నేనున్నా. హరి ఒక సంగతి దాచాడు. సరే, మర్చిపోయాడనుకుందాం. శుక్రవారం కదా, మూడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి కింద ఓనర్ ఆంటీ సాంబ్రాణి వేశారు. కిటికీ తెరిచే ఉంది. మూడో గ్లాసులో “పొగ, పీట్, బ్రహ్మాండం” అని నలుగురం రాశాం (పీట్ అంటే బార్లీ ఆరబెట్టడానికి కాల్చే బురదనేల మట్టి). విప్పి చూస్తే అది కదంబం! నా కాగితం ఇంకా దగ్గరుంది, ‘గుడి వాసన’ అని కూడా రాసుకున్నా.

ఇంకోటి, నాలుగో గ్లాసుకి మంచింగ్‌లో మిరపకాయ బజ్జీలు దిగాయి. వద్దనుకున్నాం. కానీ దిగాయి.

పీపా_పిచ్చోడు

బాబూ, నువ్వు ఇది ముందే చెప్పుంటే ఈ చర్చ సగం అక్కడే అయిపోయేది. ఐదింటిలో పొగ పీల్చిన బార్లీకి పేరుమోసింది ఫ్యూజనే. మన దేశపు బార్లీతో పాటు, స్కాట్‌లాండ్‌లో పీట్ పొగ మీద ఆరబెట్టిన బార్లీ పావు వంతు వేస్తారు. గదంతా సాంబ్రాణి నిండాక పొగ ఉన్న విస్కీ ఇంటి మనిషిలా అనిపించడంలో వింతేముంది?

హరి ప్రశ్నకి వస్తే, అదే తప్పు ప్రశ్న అంటాను. ఈ నాలుగూ ఫ్యూజన్ కంటే ‘మెరుగ్గా’ ఉండాలని చేసినవి కావు. చెక్కతో చేసిన ఆటలు. అమెరికాలో బర్బన్ విస్కీకి ప్రతిసారీ కొత్త ఓక్ పీపానే వాడాలని చట్టం. ఒకసారి వాడిన పీపాలు లోకమంతా పంచేస్తారు, అమృత్‌కి కూడా ఎక్కువగా అవే వస్తాయి. ఇంటర్మీడియెట్ షెర్రీలో విస్కీ ముందు బర్బన్ పీపాలో ఉండి, మధ్యలో షెర్రీ (స్పెయిన్ వైను) పీపాలోకి వెళ్లి, మళ్లీ బర్బన్ పీపాకే వస్తుంది. పుట్టింటికి, అత్తింటికి, మళ్లీ పుట్టింటికి. పోర్టోనోవా షెర్రీకి బదులు పోర్ట్ వైన్ పీపాలోకి వెళ్తుంది. నారంగికి షెర్రీ పీపాలో కమలా తొక్కలు వేసి ఊరబెట్టి, ఆ వైను తీసేశాక విస్కీ నింపారు. విస్కీలో కమలా ఏమీ కలపలేదు, చెక్కే మోసుకొచ్చింది. కదంబం షెర్రీ, రమ్ము, బెంగళూరు బ్లూ ద్రాక్ష బ్రాందీ ఉన్న పీపాల్లో పెట్టింది. కదంబం పేరు వింటే మాకు మల్లె, మరువం, కనకాంబరం కలిపిన దండ గుర్తొస్తుంది. వాళ్ల ఉద్దేశమూ అలాంటిదే.

ఇక డబ్బు ఎక్కడికి పోతుందో చెబుతా. స్కాట్‌లాండ్‌లో పీపాలోంచి ఏటా 2 శాతం గాలిలో కలుస్తుంది. ఇక్కడ 10 నుంచి 12. ఏటా 11 చొప్పున వేసుకో, 8 ఏళ్లకి 100 లీటర్లు 40 లోపు అవుతాయి. అక్కడైతే 85 మిగులుతాయి. 12 ఏళ్లు ఉంచితే ఇక్కడ పావు వంతు కూడా మిగలదు. 2013లో వచ్చిన 8 ఏళ్ల అమృత్ గ్రీడీ ఏంజెల్స్ 144 సీసాలే. అలా గాలిలో కలిసేదాన్ని దేవదూతల వాటా అంటారు. పేరులోనే ఉంది, ఇక్కడి దేవదూతలు అత్యాశపరులని. అందుకే ఇక్కడ 4, 5 ఏళ్ల విస్కీని చిన్నపిల్లాడని తీసిపారేయకూడదు. ఎండలో పెరిగిన పిల్లాడు.

హరీ, ఆ నారంగి సీసా తెరిచి ఎన్నాళ్లయింది?

హూడీ_హరి

పోయిన దసరాకి. ఇప్పుడు అడుగున మూడు వేళ్లు ఉంది.

పీపా_పిచ్చోడు

చూశారా. మూడొంతుల సీసా గాలే. పది నెలలు ఆ గాలిలో నానిన విస్కీని, నిన్న మూత తీసిన ఫ్యూజన్ పక్కన పెట్టి ఓడిపోయిందంటున్నాడు.

సీల్_తీయను

మీరంతా అసలు తెరవడమే తప్పు. నా దగ్గర అమృత్ స్పెక్ట్రమ్ ఒకటుంది. ఐదు రకాల చెక్క ముక్కలు ఒకే పీపాగా బిగించి అందులో పెట్టిన విస్కీ. ఆరేళ్లుగా బీరువాలో చీరల కింద నిలబడి ఉంది. దాని ధర ఇప్పుడెంతో నాకు తెలుసు. మీ ఖాళీ సీసాల ధర చెప్పండి?

కెంగేరి_కిట్టు

ధర తెలుసు సరే, అమ్ముతావెక్కడ? లైసెన్సు లేకుండా మందు అమ్మితే ఎక్సైజు కేసు. తాగవు, అమ్మలేవు. అది లేకపోతే మీ ఆవిడకి చీరలు పెట్టుకోడానికి చోటైనా మిగిలేది.

మందు_ముట్టని_మూర్తి

నాకు విస్కీ గురించి ఏమీ తెలియదు. ఒక్కటే అడుగుతా. ఐదు గ్లాసులు తాగి ఆరుగురూ ఇళ్లకెలా వెళ్లారు?

బళ్లారి_బాబు

ముగ్గురం క్యాబ్‌లో అండీ. ఇద్దరు హాల్లో చాప మీద. గ్లాసుకి 15 మి.లీ. మించి పోయలేదు. పొద్దున ఆంటీ ఇడ్లీలు పంపారు, సాంబ్రాణి పాపం అలా కడుక్కున్నారు.

హూడీ_హరి

వారం తర్వాత. రెండో రౌండు అయింది, మొత్తం రాస్తా.

ఈసారి బుధవారం పెట్టాం, సాంబ్రాణి లేదు. బజ్జీలు లేవు, మధ్యలో ఉప్పు లేని మరమరాలు, నీళ్లు. సారథిగారు చెప్పినట్టు సిరంజితో అన్నీ 50కి తెచ్చాం. పోసింది బాబు, వాడు తాగలేదు. గ్లాసుల వరస ఒక్కొక్కరికి ఒక్కోలా మార్చాడు.

ఐదుగురిలో ఇద్దరికి పోర్టోనోవా మొదట వచ్చింది, ఇద్దరికి ఇంటర్మీడియెట్ షెర్రీ. ఫ్యూజన్ నాకొక్కడికే. పోర్టోనోవాలో 7 మి.లీ. నీళ్లు పడగానే మంట పోయి లోపల్నించి నల్ల ఎండుద్రాక్ష, తాటిబెల్లం బయటికొచ్చాయి. పోయిన వారం నేను దానికి ‘ఘాటు, అంతే’ అని రాశా. అదే సీసా, అదే నాలిక. సారథిగారి మాట ఒప్పుకుంటున్నా.

పిచ్చోడి గాలి వాదన మాత్రం సగమే ఒప్పుకుంటా. కదంబం కూడా పోయిన ఏడాది తెరిచిందే, అది ఈసారి రెండో, మూడో స్థానాల్లో నిలబడింది. నారంగి మళ్లీ చివరే. నాకు దాంట్లో కమలా తొక్క వగరు తప్ప ఇంకేమీ దొరకట్లేదు. కొన్న ధరకి పోర్టోనోవా సరే, నారంగి మోసం అనే అంటాను ఇప్పటికీ.

ఇంకో సంగతి. మా ఆవిడ చుక్క ముట్టదు. గ్లాసులు కడగబోతూ అడుగున మిగిలినవి వాసన చూసి, “ఇది పొయ్యి దగ్గర అమ్మమ్మ చీర కొంగు” అంది. అది ఫ్యూజన్. “ఇది సంక్రాంతికి నలుగుపిండిలోకి ఎండబెట్టే తొక్క” అంది. అది నారంగి. రెండూ కరెక్టు. ఐదింటిలో ఆవిడకి నచ్చింది నారంగే. ఇప్పుడా సీసా నా షెల్ఫులో లేదు, వంటింట్లో వనిల్లా ఎసెన్స్ పక్కన ఉంది. డిసెంబరు కేకులోకి ఎండుద్రాక్ష నానబెట్టడానికట.

పీపా_పిచ్చోడు

ఆగు ఆగు. ఎన్ని మి.లీ. ఉంది? ఎవర్నీ ముట్టుకోనివ్వకు, నేను కోరమంగల నుంచి బయల్దేరుతున్నా.

హూడీ_హరి

ఎండుద్రాక్ష ఇప్పటికే వేసేసింది.