అమ్మకు వస్తే నాకూ వస్తుందా?

మాది హన్మకొండ, నాకు 34 ఏళ్లు. మా పెద్దమ్మకు, తర్వాత అమ్మకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది, ఇప్పుడు నాకు ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ టెస్టులో 16వ రకం పాజిటివ్ అని తేలేసరికి ఒకటే టెన్షన్. ఈ వైరస్ చాలామందిలో రెండేళ్లలోపే దానంతటదే పోతుందట, కొందరిలోనే ఉండిపోతుందట, అందులో రోగనిరోధక శక్తికి సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ జన్యువుల పాత్ర కూడా ఉందని చదివాను. మరి అవి అమ్మ నుంచి నాకూ వచ్చే ఉంటాయి కదా? మా ఆడబిడ్డ మాత్రం "ఇదేం రొమ్ము క్యాన్సర్ కాదు వదినా, వంశంలో రాదు" అని తేల్చేసింది (ఆమెకు అన్నీ తెలుసు మరి). రొమ్ము క్యాన్సర్‌కు చేసే బీఆర్‌సీఏ లాంటి జన్యు పరీక్ష దీనికీ ఉందా, లేక కాల్పోస్కోపీ (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) చేయించుకుంటే సరిపోతుందా? మా చెల్లెకు 24, ఇప్పుడు టీకా వేయించినా లాభముంటుందా? ఇంట్లో ఎవరినీ అడగలేను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.