మండువా మీద స్లాబ్ పోసేయమంటున్నారు, ఒప్పుకోవాలా వద్దా?

పర్లాకిమిడి పెంకుటిల్లు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి పాత వీధిలో తాతగారు కట్టించిన ఇల్లు. వెడల్పు 13 అడుగులు, పొడవు 82. రెండు పక్కలా పొరుగువాళ్లతో ఉమ్మడి గోడలే కాబట్టి పక్కలకు ఒక్క కిటికీ కూడా లేదు. వీధి అరుగు, ముందు గది, నట్టిల్లు, తర్వాత మండువా, దాని పక్కగా నడవ, వెనక వంటిల్లు, పెరడు, నుయ్యి. మండువా 8 అడుగులకు 7 అడుగులు, పైన ఆకాశమే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పెంకులు సగం ఎగిరిపోయి నెల రోజులు టర్పాలిన్ కింద గడిపాం, అప్పటినుంచి మబ్బు పడితే అమ్మకి టెన్షన్. ఇప్పుడు బాగుచేయిద్దామంటే మేస్త్రీ "మొత్తం స్లాబ్ పోసేద్దాం, మండువా కూడా మూసేస్తే గది కలిసొస్తుంది, కోతుల బెడద పోతుంది" అంటున్నాడు, నాన్నగారు సగం ఒప్పేసుకున్నారు. నాకు మాత్రం మనసు రావడం లేదు. పన్నెండింటికి ఎండ ముక్క తులసికోట మీద పడి, అక్కణ్ణుంచి నట్టింటి గోడ దాకా వెలుగు వస్తుంది. అది పోతే ఆ ఇల్లు మాది అనిపించదు. నాన్నగారికి చెప్పడానికి గట్టి కారణాలు కావాలి. ఇంకోటి, నట్టింటి గోడలు కింద నుంచి మూడడుగుల దాకా ఎప్పుడూ చెమ్మే, రెండుసార్లు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించినా పెళ్లలు ఊడిపోతున్నాయి.

బరంపురం నేతవీధి:

తమ్ముడూ, దయచేసి మూయొద్దు. మేం 2011లో అచ్చం ఇదే పని చేశాం, మాదీ 12 అడుగుల ఇల్లే. మొదటి వేసవికే తెలిసింది. పగలు పదింటికి కూడా లైటు వేయకపోతే నట్టింట్లో బియ్యంలో రాళ్లు కనపడవు. పోపు ఘాటు పోవడానికి దారిలేక ముందు గదిలోకే వస్తుంది. వర్షాకాలం ఆఖరికి బీరువా తీస్తే అమ్మ పెళ్లి పట్టుచీర మడతల్లో తెల్లటి బూజు, వేలితో తుడిస్తే జరీ మీద మరక అలాగే ఉండిపోయింది, ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. కలిసొచ్చిన గదిలో ఎవరూ పడుకోలేదు, మూటలు పెట్టుకుంటున్నాం. ఏడేళ్ల తర్వాత మళ్లీ డబ్బు పెట్టి స్లాబ్ మధ్యలో మూడడుగుల కంత కోయించాం. అప్పుడు కాస్త గాలి ఆడింది గానీ పాత మండువా పాతదే.

రాయగడ సివిల్:

వెలుగు సంగతి అక్క చెప్పారు, నేను బరువు, నీళ్లు, గోడల సంగతి చెప్తాను.

ముందు బరువు. అయిదంగుళాల స్లాబ్ చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. బెంగుళూరు పెంకుల కప్పు కర్రతో సహా కలిపినా అందులో నాలుగో వంతుకు మించదు. మీ గోడలు మట్టి అడుసుతో కట్టినవైతే అవి ఆ పెంకుల కోసం కట్టినవి. స్లాబ్ కావాలంటే పునాది నుంచి పిల్లర్లు లేపాలి, పైగా అవి ఉమ్మడి గోడలు, పగులు వస్తే పక్కింటికీ వస్తుంది. ఈ లెక్క చూడకుండా "పోసేద్దాం" అనే మేస్త్రీ మాట వినొద్దు, ఒకచోట పూత కొట్టించి లోపలి గోడను ఒక ఇంజినీరుకి చూపించండి.

చెమ్మకి సిమెంటే సగం కారణం. పాత గోడ నేలలోంచి తేమ పీల్చుకుంటుంది, సున్నం పూతైతే ఆ తేమ మెల్లగా బయటికి ఆరిపోతుంది, సిమెంట్ పూత దాన్ని లోపలే బిగించేస్తుంది, లోపలి ఉప్పు పొంగి పెళ్లను తోసేస్తుంది. నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంట్ గీకించేసి, గోడను ఒక వేసవి ఆరనిచ్చి, సున్నంతోనే పూయించండి. పైన ప్లాస్టిక్ పెయింట్ వద్దు, వెల్ల చాలు. మండువా మూస్తే ఆ గోడలు ఆరే దారి కూడా పోతుంది.

ఇక నీళ్లు. చుట్టూ కప్పు వాలు మండువాలోకే కదా. 300 చదరపు అడుగుల కప్పు మీద ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2,800 లీటర్లు. అందుకని తూము నాలుగంగుళాలకు తక్కువ ఉండకూడదు, గచ్చు ఎనిమిది అడుగులకు ఒక అంగుళమైనా వాటం ఇవ్వాలి, నడవ గచ్చు మండువా కన్నా ఆరంగుళాలు ఎత్తుండాలి. చూరు కింద రేకు దోనె కట్టించి ఆ నీళ్లను పెరట్లోకి తిప్పితే నుయ్యి పక్కనే ఇంకుతాయి.

కోతులకైతే పైన 12 ఎంఎం కడ్డీల గ్రిల్, మూడంగుళాల సందుతో. వాన జల్లు మరీ ఇబ్బందైతే చుట్టూ కప్పుకన్నా రెండడుగులు ఎత్తులో చిన్న కప్పు లేపి, నాలుగు పక్కలా మెష్ పెట్టండి. వేడిగాలి పైకెక్కి ఆ పక్కల్లోంచి పోతుంది, జల్లు చాలావరకు ఆగుతుంది. ప్లాస్టిక్ రేకు మాత్రం నేరుగా కప్పేయొద్దు, వేసవిలో పొయ్యి అవుతుంది.

తుఫానుకి ముందు లేచేవి చూరు వరస, మూలలు, కొప్పు పెంకులు, గాలి వాటినే పైకి లాగుతుంది. కొప్పును సున్నంలో కూర్చోబెట్టించి, అంచు రెండు వరసల్ని రాగి తీగతో దంతెలకు, అంటే పెంకులు ఆనే అడ్డ కర్రలకు, కట్టించండి. వాసాలు గోడకు ఇనుప పట్టీలతో బిగించి ఉన్నాయో లేదో చూడండి, ఉత్తినే ఆనించి ఉంటే పెంకులు కట్టి లాభం లేదు.

జైపూర్ గృహిణి:

నేను ఇంజినీరును కాదు, ఇళ్ల ఫొటోలు చూడటం పిచ్చి అంతే. కొలంబోలో జాఫ్రీ బావా అనే ఆర్కిటెక్ట్ ఒక సందులో వరసగా ఉన్న నాలుగు చిన్న ఇళ్లను ఒక్కొక్కటే కొని కలుపుకుని తన ఇల్లు చేసుకున్నాడు, 1958లో మొదలుపెట్టి. కలిపాక వచ్చిన ఆ పొడుగాటి ఇంట్లో అక్కడక్కడా పైకి తెరిచిన చిన్న చిన్న మండువాలు పెట్టాడు. కొలంబోలో వాన మనకన్నా తక్కువేం కాదు. మీ నాన్నగారికి ఆ ఫొటోలు చూపించండి బాబూ, మన పెద్దలు కట్టింది పాతకాలపు చాదస్తం కాదని తెలుస్తుంది.

నాకు తెలిసిన చిన్న పని ఒకటి: మండువా నాలుగు గోడలకూ తెల్ల సున్నం వేయండి, రంగులొద్దు. నట్టింటి గుమ్మం పైన చెక్కతో మూసి ఉంటే అది తీయించి ఊచలు పెట్టించండి. మా ఇంట్లో ఈ రెంటితోనే మధ్యగదిలో పగలు లైటు మానేశాం.

పర్లాకిమిడి పెంకుటిల్లు:

అందరికీ చాలా థాంక్స్. అక్క రాసిన పట్టుచీర సంగతి నాన్నగారికి చదివి వినిపించాను, అమ్మ మధ్యలోనే "మూయొద్దు" అనేసింది. బరువు లెక్క చూశాక నాన్నగారు కూడా ఇంజినీరుని పిలుద్దామన్నారు. నిన్న నిచ్చెనేసి చూశాను, వాసాలు గోడ మీద ఉత్తినే ఆనించి ఉన్నాయి, ఒక్క పట్టీ లేదు. తూము ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు, చివరికి నాయనమ్మ వచ్చి తులసికోట వెనక గచ్చు మీద కర్రతో తట్టి చూపించింది, అక్కడ డొల్ల శబ్దం వస్తోంది. ఆదివారం తవ్వి చూస్తాం, ఫొటోలు పెడతాను.