మత్తు మానేశాక జిమ్‌కి వెళ్తే గుండె దడ, వెంటనే పాత కోరిక. ఎవరికైనా ఇలా జరిగిందా?

కొత్త_సభ్యుడు:
మెత్ (మెథాంఫెటమైన్ అనే మత్తుమందు) మానేసి ఈరోజుకి 52 రోజులు. వారానికి రెండు కౌన్సెలింగ్ సెషన్లు. వాటితోపాటు వ్యాయామం కూడా చేయమన్నారు. సోమవారం ట్రెడ్‌మిల్ ఎక్కాను. ఆరు నిమిషాలకే గుండె దడదడ, అరచేతుల్లో చెమట, నోరు పిడచకట్టుకుపోయింది. మత్తు ఎక్కేటప్పుడు అచ్చం ఇలాగే ఉండేది. దిగిపోయి బాత్‌రూంలో కూర్చుండిపోయాను. రాత్రి దాకా అదే ధ్యాస. అసలే సాయంత్రం ఆరు దాటిందంటే నాకు గండం. వ్యాయామం నన్ను ఇటు లాగుతుందా, మళ్లీ అటే తోస్తుందా?

నాలుగేళ్ల_నడక:
నాకూ ఇదే జరిగింది. భయపడకండి, కానీ ముందు ఈసీజీ, బీపీ చూపించుకోండి. మెత్, కొకైన్ గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. డాక్టర్ సరేననేదాకా పరుగు వద్దు.

నేను ట్రెడ్‌మిల్ వదిలేసి నడకతో మొదలుపెట్టాను. దడ వచ్చినా అది నడక వల్లే వచ్చిందని ఒంటికి అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. మొదట్లో పొద్దున్నే నడిచేవాణ్ణి. కోరిక పుట్టేది సాయంత్రం, నడిచేది పొద్దున! టైం మార్చాకే తేడా తెలిసింది. సరిగ్గా ఆ వేళకి బూట్లు వేసుకునేవాణ్ణి. లేసులు కడుతుంటే వేళ్లు వణికేవి. కావాలనే రెండు ముళ్లు వేసేవాణ్ణి. మనసు మారి విప్పేద్దామనుకున్నా ఆ ముళ్లతో కాసేపు కుస్తీ పట్టాలి కదా. ఆ కాసేపట్లో కోరిక కొంచెం చల్లబడేది.

ఇంకో మాట. 2016లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, మెత్ మానేసి చికిత్సలో ఉన్నవాళ్లతో రోజుకి గంట, వారానికి మూడు రోజులు, 8 వారాలు వ్యాయామం చేయించారు. సంతోషం, ఉత్సాహం కలగడంలో పాత్ర ఉన్న మెదడు రసాయనం డోపమైన్. మెదడు స్కాన్‌లో దాన్ని అందుకునే గ్రాహకాలు పెరిగినట్టు కనిపించింది. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవాళ్లలో అంత మార్పు లేదు. మొత్తం 19 మందే, చిన్న అధ్యయనం. అయినా ఏ పనిలోనూ సంతోషం లేని ఆ రోజుల్లో అది చదివి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఫిజియో:
నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ప్రస్తుతానికి ఆ వేగం చాలు. వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయాలన్న లెక్క తర్వాత చూసుకోవచ్చు, ముందు పది నిమిషాలు చాలు. దెబ్బ తగిలితే మాత్రం డాక్టర్‌కి మీ పాత అలవాటు దాచకండి. కొన్ని నొప్పి మాత్రలూ అలవాటైపోయే రకమే. ఇది చదివేవాళ్లలో బుప్రెనార్ఫిన్ (హెరాయిన్ లాంటి మత్తు మానడానికి ఇచ్చే మందు) లాంటి మందుల మీద ఉన్నవాళ్లు జిమ్ మొదలుపెట్టామని వాటిని సొంతంగా ఆపేయొద్దు.

మళ్లీ_మొదలు:
నేను జిమ్‌నే నమ్ముకుని కౌన్సెలింగ్ ఎగ్గొట్టాను. మోకాలు నొప్పితో మూడు వారాలు జిమ్‌కి వెళ్లలేకపోయాను. ఆ మూడు వారాల్లోనే మళ్లీ వాడాను. దయచేసి మీ సెషన్లు వదలకండి.

కొత్త_సభ్యుడు:
57వ రోజు. ఈసీజీలో తేడా ఏమీ లేదన్నారు, నడవమన్నారు. నిన్న ఆరుంపావుకి బయల్దేరి పన్నెండు నిమిషాలు నడిచాను. దడ వచ్చింది. ఒక గోడకి ఆనుకుని నిలబడ్డాను, తగ్గింది. ఇంటికొచ్చాక లేసు విప్పడానికి నిజంగానే చాలాసేపు పట్టింది.