ఎఫ్‌సీసీపీ వేసినా ఆక్సిజన్ గీత లేవట్లేదు, ఎవరైనా చెప్తారా?

అందరికీ నమస్తే. వైజాగ్‌లో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్నాను, రెండో ఏడాది. హీలా అనే క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ ఎంత వాడుకుంటున్నాయో గీతగా చూపించే సీహార్స్ మెషీన్‌లో కొలుస్తూ మూడు వారాలుగా ఒకే చోట ఇరుక్కుపోయాను.

ఒలిగోమైసిన్ వేయగానే గీత చక్కగా దిగుతోంది, అంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే ఎంజైమ్, ఏటీపీ సింథేజ్, ఆగుతున్నట్టే కదా. చివర్లో మైటోకాండ్రియా శ్వాసక్రియని ఆపేసే రోటెనోన్, యాంటీమైసిన్ వేస్తే అడుగుకి పడిపోతోంది, అదీ ఓకే. మధ్యలో ఎఫ్‌సీసీపీ అనే రసాయనం దగ్గరే తేడా. అది వేస్తే మైటోకాండ్రియా లోపలి పొరకి చిల్లు పడ్డట్టు ప్రోటాన్లు జారిపోయి, కణం గబగబా ఆక్సిజన్ లాగేసి గీత నిట్టనిలువుగా లేవాలి. నాకేమో మొదటున్న లెవెల్‌కి కూడా రాకుండా చతికిలబడుతోంది.

ఎఫ్‌సీసీపీ 1 మైక్రోమోలార్ వాడుతున్నాను, 96 వెల్ (చిన్న గుంటల) ప్లేట్‌లో వెల్‌కి 20 వేల కణాలు. మైక్రోస్కోప్‌లో చూస్తే కొన్నిచోట్ల గుంపులు, కొన్నిచోట్ల ఖాళీ. పైగా మొన్న ఎండల్లో కరెంటు పోయి ఫ్రీజర్‌లో ఎఫ్‌సీసీపీ స్టాక్ (నిల్వ ద్రావణం) రెండుసార్లు కరిగి మళ్లీ గడ్డకట్టింది (పక్కనే సముద్రం ఉండి ఏం లాభం!). మీడియంలో గ్లూకోజ్, పైరువేట్, గ్లూటమైన్ ఉన్నాయి, బైకార్బొనేట్ లేదు.

క్యాన్సర్ కణాలు కదా, వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త చెప్పినట్టు ఆక్సిజన్ ఉన్నా లాక్టేటే చేసుకుంటాయి, ఇంతేలే అని మా సీనియర్ ఒకాయన అంటున్నారు. నాకు నమ్మకం కుదరట్లేదు, చాలా క్యాన్సర్ కణాల్లో మైటోకాండ్రియా బాగానే పనిచేస్తుందిగా.

శుక్రవారం మా గైడ్‌కి డేటా చూపించాలి, మెషీన్‌లో వాడే కార్ట్రిడ్జ్ ఒక్కటే మిగిలింది. కొత్త స్టాక్‌తో 0.25 నుంచి 2 మైక్రోమోలార్ దాకా డోసులు వేసి చూడమంటారా, ముందు కణాల సంఖ్య సరిచేయమంటారా?