టోర్టెలియే వాడిన వంపు కడ్డీకి ఎవరైనా మారారా?

పారిస్‌లో పుట్టిన చెల్లో (వయొలిన్ జాతికి చెందిన, కూర్చుని వాయించే పెద్ద తీగవాద్యం) విద్వాంసుడు పాల్ టోర్టెలియే (1914–1990) అంటే నాకు ప్రాణం. స్వరకర్త బాఖ్ చెల్లో కోసం రాసిన ఆరు సూట్లనూ (నృత్య బాణీల వరుసలు) ఆయన రెండుసార్లు రికార్డు చేశారు. పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో ఏళ్ల తరబడి బోధించారు. ప్రసిద్ధ ఆంగ్ల చెల్లో విద్వాంసురాలు జాక్లిన్ దు ప్రే కూడా కొంతకాలం ఆయన శిష్యురాలే. ఆయన పాఠాల వీడియోలు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

నా సందేహం ఆయన కడ్డీ గురించి. చెల్లోను నేలకు ఆనించే కడ్డీని ఆయన వంపుతో వాడేవారు. దాంతో వాద్యం నిటారుగా కాకుండా వెనక్కి వాలుతుంది, కమాను బరువు తీగల మీద సహజంగా పడుతుంది.

నాది తిన్నని కడ్డీ. గంటసేపు వాయించేసరికి కుడి భుజం పట్టేస్తోంది. వంపు కడ్డీకి మారినవారు ఉంటే దయచేసి చెప్పండి: భుజానికి ఊరట దొరికిందా? బొటనవేలిని తీగ మీద ఆనించి వాయించే పై స్థాయిల్లో ఎడమ చేతికి ఇబ్బంది కలిగిందా? అలవాటు పడటానికి ఎన్నాళ్లు పట్టింది?