లయొనెల్ 6414 మీద రాసి ఉన్న 'ఎవాన్స్ ఆటో లోడర్' అనే వ్యాగన్ నిజంగా ఉండేదా?

ప్రశ్న – పాతపట్టా

అందరికీ నమస్కారం. అమెరికా బొమ్మ రైళ్ల సంస్థ లయొనెల్ 'ఓ గేజ్' (O gauge) అనే పట్టాల కొలతలో తయారుచేసిన 6414 నంబరు కార్ల రవాణా వ్యాగన్ ఒకటి ఇటీవల నా చేతికి వచ్చింది. ఎర్రని ప్లాస్టిక్ చదును వ్యాగన్, దానిపైన నల్లని రేకుతో చేసిన రెండంతస్తుల చట్రం, చట్రం పక్కన తెల్లని అక్షరాలతో 'ఎవాన్స్ ఆటో లోడర్' అన్న పేరు, అంతస్తుకు రెండు చొప్పున నాలుగు చిన్న కార్లు ఉన్నాయి. ఈ మోడల్ 1955 నుంచి 1966 వరకు అమ్మకంలో ఉండేదని నాకు తెలుసు. అయితే దీనికి ఆధారమైన అసలు వ్యాగన్ ఫొటో కోసం ఎంత వెతికినా, 1955 నాటి అమెరికా రైళ్లలో ఇలా పైకప్పు లేకుండా రెండంతస్తులున్న వ్యాగన్ కనిపించడం లేదు. దొరికిన ఫొటోలన్నీ 1960 తరువాతివే, అవి కూడా చాలా పొడవైన మూడంతస్తుల వ్యాగన్లవి. లయొనెల్ వారు దేనిని చూసి దీనిని చేశారు?

మరొక సందేహం కూడా ఉంది. నాలుగు కార్లలో ఎరుపు, తెలుపు కార్లకు కిటికీ అద్దాలు, వెండిలా మెరిసే బంపర్లు, రబ్బరు టైర్లు ఉన్నాయి. మిగతా రెండూ అద్దాలు గానీ బంపర్లు గానీ లేకుండా ఒకే ముద్దగా పోత పోసినట్టున్నాయి. నాలుగూ మొదటినుంచీ దీనితోనే ఉన్నాయని అమ్మిన వ్యక్తి గట్టిగా చెప్పారు. అది నిజమై ఉంటుందా?

సమాధానం – ఇరుసు

ఎవాన్స్ ఆటో లోడర్ అన్నది వ్యాగన్ పేరు కాదు, మూసి ఉన్న పెట్టె వ్యాగన్ లోపల బిగించే ఇనుప చట్రం పేరు. కనుక పైకప్పు లేని వ్యాగన్ల ఫొటోల్లో వెతికితే అది మీకు దొరకదు. మిషిగన్ రాష్ట్రానికి చెందిన ఎవాన్స్ ప్రొడక్ట్స్ సంస్థ 1930లలో దీనిని రైల్వేలకు అందించడం మొదలుపెట్టింది. వ్యాగన్ పక్కనున్న వెడల్పాటి తలుపులోంచి కారును లోపలికి తోసి, ఒక చివరకు చేర్చి, చక్రాలను చట్రానికి కట్టి, గొలుసులతో పైకి లాగేవారు. అప్పుడు ఆ కారు ఒక కొన పైకప్పు దాకా లేచి ఏటవాలుగా నిలిచేది, దాని కింద మిగిలిన ఖాళీలోకి మరో కారును చేర్చేవారు. రెండో చివర కూడా ఇలాగే చేస్తే, నేల మీదే వరుసగా నిలిపినప్పుడు పట్టని నాలుగు కార్లు ఒకే పెట్టెలో పట్టేవి. కార్లు లేని రోజుల్లో చట్రాన్ని పైకప్పుకు ఎత్తి కట్టేసి, కింద మామూలు సరుకు వేసుకోవచ్చు. ఈ ఏర్పాటు ఉన్న వ్యాగన్‌ను యార్డులో దూరం నుంచే గుర్తుపట్టేందుకు తలుపు మీద అడ్డంగా తెల్లని పట్టీ వేసేవారు. పాత ఫొటోల్లో ఆ పట్టీ కనిపించిందంటే లోపల ఈ చట్రం ఉన్నట్టే.

ఇంత నేర్పుగా చేసిన ఏర్పాటే చివరకు రైల్వేలకు భారమైంది. ఒక్కొక్క కారునూ విడిగా తోయాలి, కట్టాలి, లాగాలి, దిగే చోట మళ్లీ అదంతా తిరగేసి చేయాలి. ఆ పనిలో లారీలతో పోటీ పడలేక, 1950ల చివరికి కొత్త కార్ల రవాణాలో రైళ్ల వాటా పదో వంతుకు అటూ ఇటూగా పడిపోయింది. దానిని తిరిగి పైకి లేపినవి మీకు కనిపించిన ఆ పొడవాటి వ్యాగన్లే. 1960 ప్రాంతంలో సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైల్వే 85 అడుగుల చదును వ్యాగన్ల మీద మూడంతస్తుల చట్రాలు నిలబెట్టింది. రైలు చివర వాలు వంతెన పెట్టి, వ్యాగన్‌కూ వ్యాగన్‌కూ మధ్య పలకలు పరిస్తే, కార్లను వరుసగా నడుపుకుంటూ ఎక్కించేసేవారు.

లయొనెల్ వారు చట్రాన్ని పెట్టెలోంచి బయటకు తెచ్చి, పేరును మాత్రం అలాగే ఉంచారని నా అభిప్రాయం. నాలుగు కార్లనూ పెట్టెలో దాచేస్తే చూసేవారికి ఏమీ కనిపించదు కదా.

సమాధానం – వంపుదారి

ఇరుసు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ ఒక సవరణ చేర్చదలిచాను. రెండంతస్తులన్న ఆలోచన మాత్రం లయొనెల్ వారి ఊహ కాదు. 1950లలోనే జర్మనీ రైల్వేలు ఫోక్స్‌వాగన్ కార్ల కోసం పైకప్పు లేని రెండంతస్తుల వ్యాగన్లు నడిపాయి. కెనడియన్ నేషనల్ రైల్వే వారు అదే దశాబ్దపు మధ్యలో, రెండు చివరలా తలుపులున్న రెండంతస్తుల పెట్టెలు ప్రవేశపెట్టారు.

పొడవు విషయం లెక్క వేసి చూస్తే మరింత స్పష్టమవుతుంది. 85 అడుగుల వ్యాగన్‌ను 1:48 స్కేలులో, అంటే అసలులో 48వ వంతుగా చేస్తే దాదాపు 54 సెంటీమీటర్లు అవుతుంది. లయొనెల్ 'ఓ గేజ్' పట్టాల వలయం వ్యాసం 31 అంగుళాలు, అంటే 79 సెంటీమీటర్ల లోపే. అంత పొడవైన వ్యాగన్ ఆ వంపులో తిరిగితే నడుము లోపలికీ కొసలు బయటికీ పొడుచుకువచ్చి, పక్కనున్న ప్రతిదానికీ తగులుతాయి. మీ 6414 పొడవు అడుగు లోపే ఉంటుంది కనుక ఆ ఇబ్బంది లేకుండా తిరుగుతుంది.

స్థలం చాలని ఇలాంటి చిక్కునే బ్రిటన్ అసలు రైళ్లలో మరో విధంగా విప్పింది. అక్కడి వంతెనలూ సొరంగాలూ అమెరికాలోవాటికంటే తక్కువ ఎత్తు కనుక మూడంతస్తులు సాధ్యం కాదు, రెండంతస్తులకే కష్టం. 1964లో మొదటి నమూనా వచ్చిన కార్టిక్–4 అనే కార్ల రవాణా వ్యాగన్ల కూర్పులో నాలుగు వ్యాగన్లను ఒకే గొలుసుగా కలిపి, వాటిని అయిదు బోగీల మీదే నిలిపారు. (బోగీ అంటే ఇక్కడ ప్రయాణికుల పెట్టె కాదు, పెట్టె కింద ఉండే చక్రాల బండి.) విడివిడిగా అయితే ఎనిమిది బోగీలు కావాలి. ఇక్కడ ఇరుగుపొరుగు వ్యాగన్లు ఒకే బోగీని పంచుకుంటాయి, మధ్య ఖాళీ తగ్గుతుంది, చక్రాలు చిన్నవి కనుక కింది అంతస్తు బాగా కిందికి దిగుతుంది. బ్రిటన్ బొమ్మ రైళ్ల సంస్థ ట్రై–ఆంగ్ వారు తమ కార్ల రవాణా వ్యాగన్లకు మినిక్స్ అనే చిన్న ప్లాస్టిక్ కార్లు జతచేసేవారు. పాత వ్యాగన్లలో చాలావాటికి ఆ కార్లు తప్పిపోయి, వ్యాగన్ ఒక్కటే మిగిలి ఉంటుంది.

సమాధానం – రేకుపెట్టె

కార్ల గురించి అడిగినదానికి నా అనుభవం చెబుతాను. మొదటి సంవత్సరాల 6414తో వచ్చినవి ఎరుపు, పసుపు, తెలుపు, నీలం కలిసిన ఆకుపచ్చ రంగుల కార్లు, అన్నిటికీ అద్దాలూ మెరిసే బంపర్లూ ఉండేవి. 1960ల మొదట్లో ఖర్చు తగ్గించుకోవడానికి అవేవీ లేని చవక రకం కార్లతో కొన్నాళ్లు అమ్మారు. కాబట్టి మీ దగ్గరున్న రెండు రకాలూ లయొనెల్ వారివే కావచ్చు, కానీ ఒకే డబ్బాలో కలిసి వచ్చి ఉండవు.

వ్యాగన్‌ను తిరగేసి బోగీలు చూడండి. లోహంతో చేసినవైతే మొదటి కాలపు వ్యాగన్, దానికి బంపర్ల కార్లే తగినవి. ప్లాస్టిక్‌వైతే తరువాతి కాలానిది. లోటు పూరించుకోవడానికి విడిగా కార్లు కొనేటప్పుడు జాగ్రత్త అవసరం, ఎందుకంటే కొత్తగా పోత పోసిన నకళ్లు చాలా తిరుగుతున్నాయి. ముఖ్యంగా బూడిదరంగు బంపర్లున్న అరుదైన రకాల పేరుతో వచ్చేవాటిని నమ్మే ముందు, తప్పక అసలైనదని తెలిసిన కారును పక్కన పెట్టి పోల్చుకోవాలి.

పాతపట్టా

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే తిరగేసి చూశాను, రెండు బోగీలూ లోహానివే. ఎరుపు కారు టైర్లు గట్టిపడి సన్నగా పగిలాయి, ముందు బంపర్ మీద మెరుపు మధ్యలో అరిగి కింది ప్లాస్టిక్ కనిపిస్తోంది. తెలుపు కారు అరుగుదల కూడా అలాగే ఉంది. ఆ రెండింటినీ పై అంతస్తులో ఉంచి, మిగతా రెండింటినీ విడిగా తీసి పెట్టాను. ఇక నాకు కావలసినవి పసుపు కారు ఒకటి, నీలం కలిసిన ఆకుపచ్చ కారు ఒకటి.